గంజి రుచి మరిగిన కుక్క

మా కుక్కకు పేరు లేదు. లేదంటే అబద్ధం, చానా పేర్లు ఉండాయి. మా వీధిలో ఏ ఇంటికి పోతే ఆ ఇంట్లో ఒక పేరు, అన్నిటికీ పలుకుతాది. నేను మాత్రం "ఏయ్" అంటాను. దానికి నా గొంతు తెలుసు, నాకు దాని బుద్ధి తెలుసు, ఇంగ పేరుతో ఏం పని.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల వీధి. మా ఆయన నేస్తాడు, నేను రాట్నం ముందర కూర్చోని నూలు కండెలు చుడతాను. పెండ్లయి ఈ వీధికి వచ్చి ముప్పై ఏండ్లు దాటింది. నాకు నోరు పెద్దదని వీధంతా అంటారు. అననీ. నాలుగు మగ్గాల చప్పుడు మధ్యలో చిన్న నోరు పెట్టుకోని సంసారం చేసేదెట్ల?

మూడేండ్ల కిందట ఒక ముసురు దినం పొద్దున్నే అది మా అరుగు మీదకి వచ్చింది. వచ్చింది అనకూడదు, ఎవరో తెచ్చి వదిలిపెట్టినారు. పిడికెడు కూడా లేదు. నల్లగా ఉండాది, తడిసిపోయి వణుకుతాండాది. పాలు పోద్దామంటే వానకు పాలాయన రాలేదు. పొయ్యి మీద ఉండేది పడుగు కోసం కాచిన గంజి ఒక్కటే. చల్లార్చి, నూలు చిక్కు ముంచి దాని నోట్లో పెట్టినాను. కండ్లు మూసుకోని చప్పరించింది. నా మనసు ఆడనే కరిగిపోయింది.

ఈ గంజి సంగతి కొంచెం చెప్పాల, లేకుంటే మీకు నా తప్పు తెలీదు. మగ్గానికి నిలువునా ఎక్కే నూలును పడుగు అంటారు. మగ్గం ఎక్కక ముందు దాన్ని వీధిలో పొడుగ్గా లాగి కట్టి గంజి పెట్టాల. పెట్టకుంటే నేసేటప్పుడు పోగులు టపటపా తెగుతాయి. మూడిండ్ల పొడుగుంటాది పడుగు. ఈ కొసన ఇద్దరు, ఆ కొసన ఇద్దరు, మధ్యలో కుంచెలు పట్టుకోని అటూ ఇటూ నడిచేటోళ్ళు ముగ్గురు నలుగురు. ఒక ఇంటోళ్ళతో అయ్యే పని కాదు. ఈ దినం నీ పడుగుకు నేనొస్తా, రేపు నా పడుగుకు నువ్వు రావాల. కూలీ లేదు, పిలుపూ లేదు. పొద్దున్నే వీధిలో గంజి వాసన వస్తే చేతులు కడుక్కోని బయటికి రావాల. చావు ఇంటికి పోయినట్టే, ఎవరూ పిలవరు, అందరూ పోతారు.

బియ్యం నూకతో కాచి, ఒక రాత్రి పులియబెట్టి, పొద్దున చారెడు నూనె కలుపుతాము. మనిషికే నోరూరుతాది, కుక్కకు ఊరదా? కానీ మా వీధిలో ఒక కట్టు ఉండాది. పడుగుకు కాచిన గంజి ఎవరూ ఎంగిలి చేయకూడదు. మగ్గం తినాల్సిన కూడు అది, మనిషి తిన్నా తప్పే, కుక్క సంగతి చెప్పనే పనిలేదు. మా ఆయన దీంట్లో మరీ పట్టుదల మనిషి. అందుకని నేను ఆయనకు చెప్పలేదు. కుక్కపిల్ల పెరిగి సంగటి తినేటప్పుడు కూడా, గంజి కాచినప్పుడల్లా ఒక గిన్నెడు పక్కన పెట్టి, పెరట్లోకి పిలిచి పోస్తాంటి. చిన్నప్పుడు నాలుకకు తగిలిన రుచి మనకే పోదు. నాకు మా అమ్మ కాచిన ఉలవచారు ఇంగా నోట్లోనే ఉండాది.

అది పెరిగింది. పెరిగేకొద్దీ దాని ఆటలు కూడా పెరిగినాయి. మా మగ్గం గుంట మగ్గం, నేసే మనిషి కాళ్ళు గుంటలోకి పెట్టుకోని కింద చెక్కలు తొక్కాల. ఎండాకాలంలో మా ఊర్లో ఆ గుంట కంటే చల్లని చోటు ఇంకోటి లేదు. దానికి ఎట్ల తెలిసిందో, మా ఆయన టీ తాగి వచ్చేలోపల గుంటలో దిగి చెక్కల మీద పండుకుంటాది. ఆయన గుంట ఒడ్డున నిలబడి, "లెయ్యప్పా, పొద్దు పోతాండాది, లెయ్యి" అని బతిమాలుకుంటాడు. ముప్పై ఏండ్లలో నన్ను ఒక్కనాడు అట్ల లేపలేదు.

సరే, ఒక మూలకు జరుగుతాది. ఆయన తొక్కడం మొదలుపెట్టినాడంటే, కాళ్ళు ఆడేది తనతో ఆటకే అనుకోని అరికాళ్ళు నాకుతాది. ఆయనకు చక్కిలిగింత. నవ్వుతా నేసినాడంటే ఆడ నేత వదులైపోతాది. చీర తనిఖీ చేసే ఆయన వెలుతురుకు పట్టుకోని చూసి, "ఏమప్పా, ఈడ సెయ్యి వణికిందా?" అని అడిగినాడు. మా ఆయన అబద్ధం ఆడలేడు. "లేదన్నా, కుక్క నాకింది" అన్నాడు. ఆ మాట ఎమ్మిగనూరంతా తిరిగి నాలుగు దినాలకు మళ్ళా మా వీధికే వచ్చింది.

ఇంగోసారి నా బుట్టలో నుంచి ఒక కండె ఎత్తుకోని వీధిలో పడింది. కొస నా రాట్నానికే ఉండాది. నూలు ఇప్పుకుంటా పోతాండాది, అది పరిగెత్తుతాండాది. వేపచెట్టు చుట్టూ ఒక సుట్టు, ఎదురింటి వదిన రోలు చుట్టూ ఒక సుట్టు, పాలాయన బండి కింద నుంచి దూరి ఆ పక్కకు. నేను నూలు పట్టుకోని చుట్టుకుంటా దాని ఎనకాల. నూలు తెంపితే పోయేది, కానీ నాకు కోపంలో తోచలేదు, తెంపబుద్ధి కూడా కాలేదు. ఎవరో ఫోన్లో వీడియో తీసి స్టేటస్ పెట్టినారు. నేను చుట్టడం అయ్యేలోపలే ఆదోని నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి పడీ పడీ నవ్వినాడు.

మా వీధి కొసన నూలుకు రంగులద్దే ఇల్లు ఉండాది. ఆ ఇంటి ఆమెను నేను ఆపా అని పిలుస్తాను. వాళ్ళ ఎర్ర రంగు తొట్టిలో తోక ముంచుకోని వచ్చి, మా ఇంట్లో సున్నం గోడకు ఊపింది. తోక నెల దినాలు ఎర్రగానే ఉండాది. గోడ ఇప్పటికీ అట్లనే ఉండాది. కొట్టేదానికి చెయ్యి ఎత్తితే ఎల్లకిలా పడి కడుపు చూపిస్తాది. అట్ల చూపించినాక ఎవరు కొడతారు?

ఇవన్నీ సరేలే అనుకుంటాము. పడుగు మీద నాలుక పెట్టినప్పుడు మాత్రం నా గుండె జారింది. అప్పుడు దానికి ఏడాది. మా పడుగుకే గంజి పెడతాండాము, అందరం ఆ కొసన ఉండాము. ఇది కింద దూరి, జానెడు మేర శుభ్రంగా నాకి పెట్టింది. ఎవరూ చూడలేదు, నేను చూసినాను. ఆ పడుగు మగ్గం ఎక్కినాక ఆ జానెడు కాడనే పోగులు తెగుతాంటే మా ఆయన తల గోక్కున్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు గమ్మున కండెలు చుట్టుకుంటాంటి.

ఊరికే ఉంటినా? తెలివి చూపించినాను. వచ్చేసారి గంజిలో వేపాకు నూరి రసం పిండినాను. చేదు తగిలితే అదే మానుకుంటాది అనుకుంటి. నేసేటోళ్ళ ఇంట్లో ముప్పై ఏండ్లు బతికి కూడా నాకు ఒక సంగతి తోచలేదు. పోగు తెగితే నేసే మనిషి ఏం చేస్తాడు? వేలు నాలుకకు అద్దుకోని, రెండు కొసలూ పట్టి మెలేస్తాడు. మళ్ళా తెగితే మళ్ళా నాలుకకు అద్దుకుంటాడు. దినానికి ఎన్ని సార్లో లెక్కలేదు.

మూడో దినానికి మా ఆయన "ఏమే, సంగటి సేదుగా ఉండాది" అన్నాడు. నంజుకునే ఊరిబిండి చేదన్నాడు. టీ చేదన్నాడు. పులగూర గిన్నె నెట్టేసి నా మొగం తట్టు చూసినాడు. జ్వరం వచ్చే ముందర నోరట్ల అవుతాదిలే అన్నాను. పాపం, నిజమే అనుకోని ఆస్పత్రికి పోయినాడు. డాక్టరు టానిక్ రాసిచ్చినాడు, అదీ చేదే. ఆ పడుగు అయిపోయేదాకా మనిషి సరిగా అన్నం తినలేదు. ఇంత జేసి ఆ కుక్క ఏమన్నా మానుకుందా అంటే, పెరట్లో వేప గంజి గిన్నె అడుగు దాకా నాకి, ఇంగా పెట్టమని నా కొంగు లాగింది.

అప్పటి నుంచి గంజి దినాల్లో దాన్ని పెరట్లో గుంజకు కట్టేస్తాంటిమి. నా పాత చీర చింపి పేనిన తాడు, మెత్తగా ఉంటాదని. రెండేండ్లు ఏ గొడవా లేదు.

ఈసారి ఉగాది అయినాక పెద్దమామ పడుగు ఎత్తినాడు. మా ఆయనకు పెదనాయన, నాకు పెద్దమామ. మా పక్కిల్లే, రెండిండ్లకూ ఒకటే పెరడు. డెబ్బై దాటినాయి, పెద్దత్త పోయి ఆరేండ్లయింది. మా వీధిలో ఆయన కుంచె పట్టకుండా ఏ పడుగూ మగ్గం ఎక్కదు. గంజి ఎంత పట్టిందో వేలితో తాకి చెప్తాడు. రెండు కండ్లల్లోనూ శుక్లాలు వచ్చినాయి, ఒకటి మరీ ముదిరింది, ఆపరేషన్ చేయాలన్నారు. చేసినాక కొన్నాళ్ళు మగ్గం ముందర వంగకూడదంట. "కన్ను కోయించుకునే లోపల ఒక మంచి పడుగు నేసుకుంటా" అని సన్న నూలు తెప్పించుకున్నాడు. పడుగు పోగులు వరసగా ఆసు పోసుకోను ఆయనకు పది దినాలు పట్టింది. మేము సాయానికి పోతే వద్దన్నాడు.

ఆ పొద్దున పడుగు కట్టినాము. కుక్కను నేనే కట్టేసినాను, రెండు ముడులు వేసినాను. గంజి సగం పెట్టినాము. అందరం ఆ కొసన పోగులు సరిచేస్తాంటే, ఎట్ల ఇడిపించుకుందో, ఇది ఉరుక్కుంటా వచ్చింది. నాకితే సరిపోయేది. పైకి ఎగిరి ముందరి కాళ్ళు పడుగులో పెట్టేసింది. కాళ్ళకు నూలు చిక్కుకుంది. బెదిరిపోయి లాగింది. కర్రలు కూలినాయి. మా అరుపులకు ఇంగా బెదిరి, పడుగునంతా ఈడ్చుకుంటా కాలవ దాకా పోయింది.

మేము పోయి చూసేసరికి తల దువ్వినాక దువ్వెనకు వచ్చిన వెంట్రుకల ఉండ మాదిరి అయిపోయింది, దాని మీద బురద. కుక్కను కత్తిరించి బయటికి తీసినాము. పెద్దమామ అరవలేదు. ఆ బురదలో గొంతుక్కూర్చోని, వేళ్ళతో తడుముకుంటా కొసలు వెతుకుతాండాడు. నేను కూడా కూర్చోని వెతికినాను. దొరికిన కొసకు జత దొరకలేదు. కొంచేపటికి ఆయన చేతులు ఆగిపోయినాయి. "ఇంగ మళ్ళా పోసుకునే కన్ను నాకు లేదమ్మా" అన్నాడు.

లేసి నిలబడి మా ఆయనతో అన్నాడు, "ఆ కుక్క ఈ వీధిలో ఉంటే నా సెయ్యి మీ పడుగు మీద పడదు." పాలాయన బండి ఆపి, "యెవరో అలవాటు సేసింటారు, లేకుంటే కుక్కకు నూలేం రుచి?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేదాన్నే. ఎదురింటి వదిన కొంగు సర్దుకుంటాండాది, ఆపా నేల చూస్తాండాది. అందరికీ నా సంగతి తెలిసిపోయింది, మొగం మీద అనలేక గమ్మునుండారు అనుకుంటి. ఇంత నోరుండే దాన్ని, ఆ పొద్దున ఒక్క మాట రాలేదు నాకు. కుక్క మా అరుగు కింద దూరి, మా అందరి కాళ్ళ తట్టు చూస్తాండాది.

పెద్దమామ రాకపోతే వీధి రాదు. వీధి రాకపోతే మా మగ్గం ఖాళీ. మా ఆయన దాన్ని ఆదోనికి పంపిద్దామన్నాడు. ఆదోనిలో మా తమ్ముడు పత్తి యార్డులో హమాలీ, ఇల్లు యార్డు గోడకు ఆనుకోనే ఉండాది. మా ఆయన తాను తీసుకపోలేనన్నాడు, నేనే బయలుదేరినాను.

బస్సు కాడ కండక్టరు కుక్కకు సీటు లేదన్నాడు. సీటెవరు అడిగినారప్పా, నా కాళ్ళ కాడ ఉంటాది అన్నాను. కాళ్ళ కాడ ఉందా? పక్కనుండే అవ్వ ఒడిలో శెనక్కాయలు తినింది. ముందర సీటాయన తువ్వాల లాగింది. చివరికి కిటికీలో తల పెట్టి, చెవులు ఎగరేసుకుంటా ఆదోని దాకా చూస్తానే ఉండాది. బస్సులో దానంత కుశాలగా ఎవరూ లేరు. యాడికో ఊరికి తీసుకపోతాండాను అనుకునింది. నేను కొంగు నోట్లో కుక్కుకోని కూర్చుంటి.

యార్డులో పత్తి కుప్పలు చూసేసరికి దానికి మతి పోయింది. ఒక కుప్పలో దూకి, మునిగి, ఇంకో తట్టు తెల్లగా లేసింది. హమాలీలందరూ పని ఆపి నవ్వినారు. మళ్ళా దూకింది. అది లోపల ఉండంగనే మా తమ్ముడు నాకు సైగ చేసినాడు, ఇదే సమయం అక్కా, పో అని. పోయినాను. ఎనక్కి తిరిగి చూడలేదు. బస్సెక్కినాక చూస్తే నా చీరకు పత్తి అంటుకోని ఉండాది. ఎమ్మిగనూరు వచ్చేదాకా ఒక్కొక్కటే పీకుతానే ఉంటి.

ఇరవై దినాలు గడిచినాయి. నూలు ఎత్తుకపోయేటోళ్ళు లేరు, గుంటలో పండుకునేటోళ్ళు లేరు. నేత నున్నగా వస్తాండాది. మా ఆయన మాత్రం గుంటలో దిగే ముందర రోజూ ఒకసారి వంగి చూస్తాండాడు. నేను చూసీ చూడనట్టు ఉంటాంటి. తమ్ముడు ఫోన్ చేసి, పత్తి బేళ్ళు పీకుతాండాది, గొలుసుతో కట్టేసినామక్కా అన్నాడు. పుట్టి బుద్ధెరిగి గొలుసు చూడలేదు అది. ఆ మధ్యాన్నం నేను అన్నం తినలేదు.

మా పడుగు దినం వచ్చింది. గంజిలో నూనె కలిపినాను. చెయ్యి దానంతట అదే ఒక గిన్నెడు ముంచి పక్కన పెట్టింది. గిన్నె పట్టుకోని పెరట్లోకి పోయినాను, పిలిచినాను కూడా. పిలిచినాక గుర్తొచ్చింది. ఆ గంజి వేపచెట్టు మొదట్లో పోసి, మొగం కడుక్కోని వీధిలోకి వచ్చినాను.

మాట ప్రకారం అందరూ వచ్చినారు. పెద్దమామ తన కుంచె తానే తెచ్చుకున్నాడు. గంజి పెట్టడం మొదలైంది. ఆయన ముందర, నేను ఎనక, కుంచెలు ఈడ్చుకుంటా నాలుగు సార్లు తిరిగినాము. ఐదోసారికి నా చెయ్యి ఆగిపోయింది.

"మామా, తప్పు కుక్కది కాదు, నాది" అన్నాను.

గంజి పెట్టిన పడుగు కాడ నిలబడి మాట్లాడే దానికి లేదు. ఆరిందంటే పోగు పోగు అంటుకపోతాది, ఇంగ దాన్ని ఇడదీసేది బ్రహ్మ తరం కూడా కాదు. పెద్దమామ తిరిగి చూడకుండానే, "సెయ్యి ఆపొద్దు. నడుస్తా సెప్పు" అన్నాడు. నడుస్తానే చెప్పినాను. ముసురు దినం సంగతి చెప్పినాను, పెరట్లో గిన్నె సంగతి చెప్పినాను. మొదలుపెట్టినాక ఆగితే మళ్ళా ధైర్యం రాదని వేపాకు సంగతి కూడా చెప్పేసినాను. అవతలి కుంచె పట్టుకోని మా ఆయన ఎదురొస్తాండాడు. "ఆ సేదు నువ్వేనా?" అన్నాడు. అవునన్నాను. నన్ను దాటుకోని కుంచె ఈడ్చుకుంటా పోయినాడు. ఆ కొస దాకా పోయి తిరిగొస్తా, "టానిక్ రెండు సీసాలు తాగించినావు గదే" అన్నాడు.

నన్ను తిడతారని చూస్తాండాను. ఎవరూ తిట్టలేదు. ఆ కొసన కర్ర పట్టుకున్న ఎదురింటి వదిన నోరిప్పింది. "నేనూ పెడతాంటి వదినా. మా గంజి దినం మీరు కట్టేయక ముందే వాకిట్లో వచ్చి కూర్చుంటే మనసాగేది కాదు." ఆపా వాళ్ళ ఇంట్లో పడుగు గంజి కాచరు. అన్నం వార్చిన గంజిలో ఉప్పేసి పోస్తాంటిమి, పాపం ఇంట్లో ఏం పెట్టరేమో అనుకుంటి అన్నాది. నాకు కోపం వచ్చింది, ఆ సమయంలో కూడా. మా ఇంట్లో పెట్టకపోవడమేంది? మా ఆయన గొంతు తగ్గించి, గుంటలో నుంచి లేపేదానికి తానూ పెడతాన్నట్టు చెప్పినాడు. పడుగు గంజి లక్ష్మి, ఎంగిలి చేయకూడదు అని నాకు ముప్పై ఏండ్లు చెప్పిన మనిషి. ఇంటికొక పేరు పెట్టి, ఇంటికొక గిన్నె పోసి, ఎవరికి వాళ్ళమే దొంగలం అనుకుంటా ఉండాము.

పెద్దమామ రెండు సార్లు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వచ్చినాడు. పడుగు ఆరొచ్చింది. కుంచె కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నా పడుగు దినం పొద్దున అది పెరట్లో కట్టేసి మూలుగుతాంటే నేను పోయినా" అన్నాడు. "తాడు ఇప్పి నా గిన్నె కాడికి తీసుకపోయినా. తాగినాక మళ్ళా కట్టినా. ముడి పడిందనుకుంటి. సరిగా కనపడలే. నా ముడే జారింది." నేల మీద చూపు పెట్టుకోనే అన్నాడు, "యాభై ఏండ్లు ముడులేసి బతికినోన్ని. నా ముడి జారిందని నలుగురిలో సెప్పుకోను నోరు రాలే. నోరు లేని దాని మీద పెట్టేసినా."

నేను ఆయన కాళ్ళ కాడ కూలబడి ఏడ్చినాను. ఆయన మీద జాలికో, నా మీద నాకు అసయ్యానికో తెలీదు, రెండూ ఉండాయి. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "బస్సు ఎన్ని గంటలకుండాది?" అని అడిగినాడు.

చుట్టిన పడుగు మా ఆయనకు అప్పజెప్పి, గంజి చేతులతోనే నేనూ పెద్దమామా ఆదోని బస్సెక్కినాము. యార్డు కాడ దిగినాక ఆయన నాకంటే ముందర నడిచినాడు. కుక్క తమ్ముని ఇంటి గుంజకు కట్టేసి ఉండాది. మెడ కింద గొలుసు ఒరిసి వెంట్రుకలు ఊడినాయి. ఆయన్ని చూడంగనే గొలుసుతో పాటు ఎగిరింది. ఆయన ఎల్లకిలా పడినాడు. కండ్లద్దాలు ఒక తట్టు, తువ్వాల ఒక తట్టు. అది ఆయన మొగమంతా నాకుతాండాది, ఆయన కింద పండుకోనే దాని మెడలో గొలుసు తడుముతాండాడు. కొక్కెం కనపడక, నన్ను తియ్యమన్నాడు.

నేను వంగి తీసినాను. అది నా చెయ్యి ఒకసారి వాసన చూసింది. తోక ఆడించలేదు. పోయి ఆయన కాళ్ళ ఎనక నిలబడింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కాళ్ళ మీదనే తల పెట్టుకోని పండుకుంది. కిటికీ తట్టు కూడా చూడలేదు. మళ్ళా యాడ దింపుతారో అని భయం కాబోలు.

వీధిలో దిగినాక ఇల్లిల్లూ తిరిగింది. వదిన మీద ఎగిరింది, ఆపా ఇంట్లో పోయి తోక ఊపి వచ్చింది, మా ఆయన మగ్గం గుంటలో దిగి పండుకునింది. వీధంతా కలిసి పెద్దమామకు మళ్ళా పడుగు పోయాలని ఆ సాయంత్రమే మాటనుకున్నాము. ఇంటికొక దినం ఆసు కాడ కూర్చోని ఇప్పుడు పోస్తాండాము, ఆయన పక్కన కూర్చోని తప్పులు పడతాండాడు. అందరికీ అన్నీ సర్దుకున్నాయి. నాకే సర్దుకోలేదు. నేను పిలిస్తే వస్తాది, పెడితే తింటాది, తిని పక్కింటికి పోతాది. నా కొంగు లాగడం మానేసింది.

గంజి ఎవరు పోసినారు, ముడి ఎవరిది జారింది, పడుగు ఎవరిది, ఇవేవీ దానికి పట్టలేదు. దానికి తెలిసింది ఒకటే. అది పత్తిలో ఆడుకుంటాంటే నేను దానికి చెప్పకుండా వచ్చేసినాను.

తొమ్మిది దినాలు అట్లనే ఉండాది. పదో దినం నేను సంచి తీసుకోని సంతకు బయలుదేరితే, వాకిట్లో అడ్డం పండుకునింది. దాటబోతే లేసి నా చీర కుచ్చిళ్ళు పట్టుకునింది. నేను ఆడనే కూర్చోని, దాని మొగం రెండు చేతుల్లో పట్టుకోని, "సంతకు పోతాండాను, పోయొస్తా" అని చెప్పినాను. కొంచేపు చూసి ఇడిసిపెట్టింది. ఇప్పుడు ఉప్పు కోసం అంగడికి పోయినా సరే, దాని ముందర నిలబడి పోయొస్తా అని చెప్పందే నేను గడప దాటను. వీధోళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నేను వచ్చేదాకా అది వాకిట్లో నుంచి లెయ్యదు.